గుగ్గిలం వెనుక నలభై కాళ్లు

నమోదు ఒకటి. ఉదయపు పోటు.

ఈ నమోదును చదవబోయేవారు ముందుగా నా తెలుగును మన్నించవలసిందిగా కోరుతున్నాను. నేను నలభై దాటిన తరువాత రాత్రి పాఠశాలలో అక్షరాలు దిద్దినవాడను. నా వాక్యాలకు సొగసు లేదు. అయితే ప్రతి వాక్యాన్నీ టంకం వేసినట్టుగానే వేడి చూసి, అతుకు చూసి, ఒకసారి లాగి చూసి మరీ వదులుతున్నాను. కనుక ఊడిపోవని హామీ ఇవ్వగలను.

నా పేరు సూరాడ తాతారావు. పంట్లపేట దీపాల గదికి నేను పలక మేస్త్రీని. పలక అంటే దీపాలను నడిపే చిన్న కంప్యూటరు. పరీక్ష రాసి పట్టా పొందినవాడిని. మా పేట మొత్తం మీద ఈ పట్టా నా ఒక్కడికే ఉంది. దానిని గది గోడకు వేలాడదీశాను. ఉప్పుగాలి తగలకుండా దానికి కూడా గుగ్గిలం పూశాను.

ఈ ఉదయం చేసిన పనులు: బ్యాటరీలు నింపే ఎండ అద్దాల మీద పేరుకున్న ఉప్పు గీకాను. బ్యాటరీల తడి తుడిచాను. ఇళ్లను మోస్తూ తేలే మా పంటును పక్క పంటుతో కలిపే గొలుసు సాగితే బిగించాను. నిన్నటి పిడుగుకు చచ్చిపోయిన పలకను మా మామగారు గనగళ్ల ఎర్రయ్య గారు తీగలు కోసి నీటికి ఇచ్చారు. చచ్చిన పలకను గదిలో ఉంచకూడదని మా ఆచారం. పసుపు పూసి, అడుగున మునిగి ఉన్న కిందూరు మీదికి వదిలేస్తాం. నేను అడ్డు చెప్పలేదు. మెమరీ కార్డును మాత్రం ముందే ఊడబీకి దాచాను. దారి దీపాలను నడిపే ప్రోగ్రాం అందులో ఉంది.

కొత్త పలక ఒకటి పెట్టెలో ఉంది. ఒకటే ఉంది. దానిని ఒడ్డువాళ్ల దగ్గర రెండు పెద్ద వలలు ఇచ్చి తెచ్చుకున్నాం. అలాంటివి తయారుచేసేవాళ్లు ఇప్పుడు ఎక్కడా లేరు.

పొగమంచు ఈసారి ముందుగానే దిగింది. లోతు వేటకు వెళ్లిన పడవలు తిరుగుదారిలో ఉంటాయి. తల పడవను నడిపే సరంగు నా భార్య నూకరత్నం.

నమోదు రెండు. అదే రోజు, ఆటు వేళ.

దారి దీపాల సంగతి తెలియనివారి కోసం రాస్తున్నాను.

మా పేట మునిగిపోయిన పట్నం మీద తేలుతోంది. ఆ పట్నాన్ని కిందూరు అంటాం. దాని మేడల తలలు నీటికి కాస్త పైకీ, కాస్త కిందికీ ఉంటాయి. పడవ వాటికి తగిలితే అడుగు చీలిపోతుంది. అందుచేత నాలుగు మేడల మీద నాలుగు దీపాలు నిలబెట్టారు. మొదటి దీపం ఒక్కసారి మెరిసి ఆగుతుంది, రెండవది రెండుసార్లు, అలాగే మూడవది, నాలుగవది. పొగమంచులో సరంగుకు ఒక్కొక్క దీపమే కనబడుతుంది. మెరుపులు లెక్కపెట్టుకుని తాను ఎక్కడున్నదీ తెలుసుకుంటుంది. ఒక్క మెరుపు కనబడితే తిన్నగా పోవాలి. రెండయితే ఎడమకు. మూడయితే కుడికి తిరగాలి. తిరగకపోతే ఎదురుగా గడియారం మేడ. నాలుగు మెరుపులు కనబడితే ఇల్లు చేరినట్టే.

ఈ నాలుగు దీపాల తీగలు నీటి అడుగున వచ్చి మా గదిలో పలక కాళ్లకు అతుక్కుంటాయి. పలకకు నలభై కాళ్లు, ఇరవై ఇరవైగా రెండు వరసలు. ఏ తీగ ఏ కాలికో తెలియడానికి మా పెద్దలు తీగలకు దారపు ముడులు వేశారు. వలలకు గుర్తులు వేసినట్టే. ఒక తీగకు నాలుగు ముడులు, ఒకదానికి ఆరు, ఒకదానికి ఏడు, ఒకదానికి ఎనిమిది. ఏ తీగ ఏ దీపానిదో చెప్పే గుర్తు వేరే లేదు.

నలభై కాళ్లూ నాకు కంఠస్థం. పాఠశాలలో గోడ మీద పలక ముఖచిత్రం ఉండేది. ఒకటి ఈ వరసలో, రెండు దాని పక్క వరసలో, మూడు మళ్లీ ఈ వరసలో. జంట జంటగా దిగుతూ నలభై వరకు లెక్క. దాని ప్రకారం నాలుగవ కాలు పూర్తి కరెంటు వచ్చే కాలు. ఆరవది కరెంటు తిరిగిపోయే కాలు. ఆ రెంటికీ దీపపు తీగ తగిలించడం మతి ఉన్నవాడు చేసే పని కాదు. ముడులు మాత్రం నాలుగు, ఆరు అంటున్నాయి.

"ముడులు తప్పు వేశారు మావా" అన్నాను.

ఎర్రయ్య గారు బీడీ తీశారు. "మా నాయన ఏసిన ముడులు. ఆడు తాగినప్పుడు కూడా ముడి తప్పనేదు. నీ బొమ్మే తప్పేమో సూసుకో."

"బొమ్మ పలక చేసినవాళ్లు గీసింది."

"ఆళ్లెక్కడున్నారిప్పుడు? కిందూర్లో ఉన్నారు." నవ్వి, పలక అందుకున్నారు. "ఇటు తే. పడవలో మనుసుల్ని ఎలాగ లెక్కెడతాం? మంచినీళ్ల కుండ తిరిగినట్టు. ముక్కు కాడి నుంచి కుడేపు తెడ్లన్నీ అయ్యి, ఎనక్కెల్లి, ఎడమేపు నుంచి మళ్లీ ముక్కు కాడికి. ఇదిగో ముక్కు. ఇదిగో నాలుగో తెడ్డు."

ఆయన గోరు పెట్టిన కాలు పాఠశాల లెక్కలో ఎనిమిదవది. ఇక్కడ మూడవ లెక్కను కూడా చెప్పాలి. పలకలోని మెదడుకు కాళ్ల వరస తెలియదు. దీపాల్లాంటివి వెలిగించే ప్రతి పనికాలికీ అది తనదైన పేరంకె పెట్టుకుంటుంది. మన వీధిలో ఏడవ ఇంటివాడి పేరు ఏడుకొండలు అయి తీరాలని లేదు కదా. ప్రోగ్రాంలో దీపాలకు వరసగా నాలుగు, పదిహేడు, ఇరవై ఏడు, ఇరవై రెండు అనే పేరంకెలు ఉన్నాయి. మామగారు చూపిన ఎనిమిదవ కాలి పేరంకె పద్నాలుగు. ఆ అంకె ప్రోగ్రాంలో లేనే లేదు. ఆరో తెడ్డు, ఎనిమిదో తెడ్డు కూడా అంతే. ఏడో తెడ్డు అయితే కరెంటు తిరిగిపోయే కాలి మీద పడింది.

"మీ తెడ్ల లెక్క ఈ పలకకు కుదరదు మావా" అని గౌరవంగానే చెప్పాను.

"కుదరకపోతే మా నాయన నలభై ఏళ్లు దీపాలెలా ఎలిగించేడ్రా? నోటితో ఊదేడా?"

పరీక్షించి తేల్చగల విషయానికి వాదన అనవసరమని రాసుకుంటున్నాను.

నమోదు మూడు. మరునాడు, పోటు వేళ.

దాచిన మెమరీ కార్డును కొత్త పలకకు పెట్టి, ఏడు ముడుల తీగతో మొదలుపెట్టాను. కారణం చెబుతాను. పాఠశాల లెక్కలో ఏడవ కాలు నిజమైన పనికాలు. దాని పేరంకె నాలుగు. ప్రోగ్రాంలో మొదటి దీపం పేరంకె కూడా నాలుగే. కాబట్టి ఏడు ముడుల తీగ మొదటి దీపానిదని నిర్ధారించాను. రెండు లెక్కలు ఒకచోట కలిశాయంటే అది నిజమనే అనుకుంటాం.

తీగ తగిలించాను. కరెంటు కొలిచే ముల్లు ఒకసారి ఎగిరి, ఆగి, మళ్లీ ఎగిరింది. ఒక్కొక్క మెరుపు.

గది బయట నిలబడ్డవాళ్లు కేకలు వేశారు. పేట అంచు పంటులో ఉండే పోలమ్మ గారు దేవుడికి దండం పెట్టుకున్నారు. ఆమె కొడుకులు ఇద్దరూ వేటలో ఉన్నారు. మామగారు బీడీ ముట్టించారు. నేను పట్టా వైపు ఒకసారి చూశానని నిజాయితీగా రాస్తున్నాను.

పొగమంచులో గది నుంచి దీపం కనబడదు. కళ్లతో చూసిరమ్మని నా మరదలు అసిరిని పంపాను. మా గది నుంచి దీపం దీపానికీ మోకుతాడు కట్టి ఉంటుంది. చిన్న తెప్ప ఎక్కి ఆ మోకు పట్టుకుని పోతే దారి తప్పరు. అందరూ టీ తాగారు. అసిరి తిరిగివచ్చేసరికి గ్లాసులు ఇంకా చేతుల్లోనే ఉన్నాయి.

"బావా! దీపం ఎలిగింది!"

"వెలుగుతుంది."

"ఎలిగింది గానీ మొదటి మేడ సీకటి. మూడో మేడ మీదది ఒక్కసారి మెరిసి ఆగతన్నాది."

చదివేవారు ఇక్కడ ఒక క్షణం ఆగవలసిందిగా కోరుతున్నాను. మూడవ దీపం ఒక్క మెరుపు ఇస్తే సరంగు దానిని మొదటి దీపం అనుకుంటుంది. తిన్నగా పోనిస్తుంది. తిన్నగా పోతే గడియారం మేడ.

నేను తీగ లాగేశాను. ముల్లు పడిపోయింది.

"ఎందుకు పీకేవు నాయనా?" అన్నారు పోలమ్మ గారు. "ఏదో ఒక దీపం ఉండనీ బాబూ. సీకట్లో నా పిల్లలు ఏటి సూసి వస్తారు?"

"ఈ దీపం చూసి వస్తే రారు అత్తా."

"నీ పెళ్లాం కూడా అందులోనే ఉంది గదా. నీ సెయ్యెలా ఆడింది?"

"అందుకే ఆడింది" అన్నాను.

ఆమె కొంగు నోట్లో పెట్టుకుని వెళ్లిపోయారు. మామగారు నా భుజం మీద చెయ్యి వేసి తీసేశారు. ఆయన ఎన్నడూ అలా చేయలేదు. నూకరత్నం ఆయన పెద్దకూతురు.

నమోదు నాలుగు. అదే రోజు, ఆటు వేళ.

ఇప్పుడు నాకు తెలిసినది ఒక్కటే, కానీ గట్టిది. ఏడు ముడుల తీగ మూడవ దీపానిది. అసిరి కళ్లతో చూసింది.

మూడవ దీపం పేరంకె ఇరవై ఏడు. ఆ పేరంకె గల కాలు పాఠశాల లెక్కలో పదమూడవది. అంటే ముడులు వేసిన పెద్దాయన పదమూడవ కాలిని ఏడు అన్నారు. ఎలా లెక్కపెడితే పదమూడు ఏడవుతుంది? ఒకే వరసలో దిగుతూ పోతే అవుతుంది. ఒకటి, మూడు, అయిదు, ఏడు, తొమ్మిది, పదకొండు, పదమూడు. సరిగ్గా ఏడవ స్థానం. అంటే మామగారి తెడ్ల లెక్కే. కానీ ఆయన కుడి వరసను లెక్కించారు. ఇది ఎడమ వరస.

"మీ నాయనగారు ఎడమ నుంచి మొదలుపెట్టి ఉంటారా మావా?"

ఆయన మూకుడులో గుగ్గిలం కాస్తున్నారు. పలకను గదిలో వేలాడదీసే ముందు దాని ముఖం నిండా గుగ్గిలం పోయడం మా పద్ధతి. పడవ సందుల్లో పోసినట్టే. లేకపోతే ఉప్పుగాలి పలకను నెల తిరగకుండా తినేస్తుంది.

"ఎడమ నుంచా?" ఆయన నిజంగానే అదిరిపడ్డారు. "కుండ ఎడమేపు నుంచి తిప్పుతారేట్రా? సావింట్లో తిప్పుతారు అలాగ. మా నాయన సేతి మీద ఒట్టు, కుడి నుంచే."

ఆ మాటలో అబద్ధానికి చోటు లేదు. మా పేటలో చిన్నపిల్లలు కూడా ఎడమ నుంచి కుండ తిప్పరు. కుడి అనడమూ నిజం. ఎడమ అనడమూ నిజం.

అంతలో ఆయన మూకుడు దించి, ఒలికిపోకుండా గుగ్గిలం పోయడం ఎలాగో చూపడానికి అక్కడ పడి ఉన్న పాత గవ్వల పలకను అందుకున్నారు. అది పిల్లలు ఆడుకునే చెక్క. గుగ్గిలం పోసినట్టు నటించి, ఆరనిచ్చినట్టు ఆగి, తిరగేసి అరచేతిలో పెట్టుకున్నారు. వీపు పైకి. టంకం వేయడానికి సిద్ధంగా.

"మావా, మీ నాయనగారు పలక ముఖం ఎప్పుడైనా చూశారా?"

"గుగ్గిలం పోసేక మొకం ఏటి కనబడతాదిరా? ఆడికి పలకలు పోసేసే ఇచ్చీవోరు. మాకు ఈపే తెలుసు. తీగలేసేదీ ఈపు మీదే గదా."

మనిషికి ఎదురుగా నిలబడితే అతని కుడి చెయ్యి మనకు ఎడమవైపు ఉంటుంది. వెనక్కి వెళ్లి నిలబడితే కుడి కుడిగానే కనబడుతుంది. నా పాఠశాల పలకను ముఖం వైపు చూసి నేర్పింది. పంట్లపేట పలకను వీపు వైపు నుంచి మాత్రమే ఎరుగును. నిన్న మామగారి చేతికి నేను ఇచ్చినది గుగ్గిలం లేని పలక. ఆయన జీవితంలో మొదటిసారి పలక ముఖం మీద తెడ్లు లెక్కపెట్టారు. అందుకే ఆయన లెక్క తప్పింది. లెక్క చెడ్డది కాదు, నేను ఇచ్చిన వైపు చెడ్డది.

కొత్త పలకను తిరగేశాను. కాళ్ల మొదళ్లన్నీ గుండ్రటి చుక్కలు. ఒక్కటి మాత్రం చదరం. పాఠశాలలో ఆ చదరాన్ని చూసే ఒకటవ కాలిని పోల్చుకోమనేవారు.

"ఇది ముక్కు మావా. ఇప్పుడు లెక్కపెట్టండి."

ఆయన గోటితో దిగారు. నాలుగో తెడ్డు నా లెక్కలో ఏడవ కాలు. దాని పేరంకె నాలుగు, మొదటి దీపం. ఆరో తెడ్డు పదకొండవ కాలు. పేరంకె పదిహేడు, రెండవ దీపం. ఏడో తెడ్డు పదమూడు. ఇరవై ఏడు. మూడవది. ఎనిమిదో తెడ్డు పదిహేను. ఇరవై రెండు. నాలుగవది.

మూడు లెక్కలూ నాలుగుచోట్లా కలిశాయి. ఉదయం నాకు ఒకచోట కలిసిన లెక్క మోసం చేసింది. అందుచేత నాలుగుచోట్లా కలిసినదానిని కూడా అసిరి చూసివచ్చే వరకు నమ్మనని గదిలో అందరి ముందూ చెప్పాను.

"సూసేవా, మా నాయన తాగినా ముడి తప్పనేదు" అన్నారు మామగారు.

"మా బడి బొమ్మా తప్పలేదు" అన్నాను.

"అయితే తప్పెవడిదిరా?"

"తిరగెయ్యనివాడిది."

ఆయన పకపకా నవ్వారు. ఆ నవ్వులో కూతురి మీద బెంగ కూడా ఉంది.

నమోదు అయిదు. మరునాటి పోటు.

పలక ముఖానికి గుగ్గిలం పోశాం. మామగారు పోశారు, నేను పలకను ఒరిగించి పట్టుకున్నాను. ఆరిన తరువాత వీపు మీద నాలుగు తీగలకూ టంకం వేశాను. ప్రతి అతుకునూ లాగి చూశాను. కరెంటు ఇచ్చే ముందు తీగలన్నీ విడివిడిగా తెంచి ఉంచే మీటలు పెట్టాను. ఒక్కొక్క దీపమే వెలిగించి, అసిరి సరేనన్న తరువాతనే తరువాతి దానిని వెలిగించాలని నియమం.

అసిరితో ఒప్పందం ఇది: దీపం ఎన్నిసార్లు మెరిస్తే మోకును అన్నిసార్లు లాగాలి.

"తప్పు మెరిస్తే?" అని అడిగింది.

"లాగడం ఆపకు. మేము ఆర్పేదాకా లాగుతూనే ఉండు."

"నా సేతులు ఊడిపోతే అక్కకి నువ్వే సెప్పుకోవాల" అని తెప్ప ఎక్కింది.

మొదటి మీట వేశాను. మోకు చివరను మామగారు పట్టుకున్నారు. చాలాసేపు కదలలేదు. తరువాత ఒక్కసారి లాగింది. ఆగింది. మళ్లీ ఒక్కసారి. మామగారు వేలు ఎత్తి చూపారు. రెండవ మీట వేశాను. రెండు లాగుళ్లు. మూడవ మీట వేశాను. అది గడియారం మేడ పక్క దీపం. మోకు లాగింది, మళ్లీ లాగింది. మామగారి పెదవులు కదులుతున్నాయి. మూడవసారి లాగి, ఆగింది.

నాలుగవది చెప్పనవసరం లేదు. అసిరి నాలుగుసార్లు కాక నలభైసార్లు లాగింది. నేను కంగారుపడి మీట కట్టేశాను. తిరిగివచ్చాక చూస్తే నవ్వుతోంది.

"సంతోసంతో లాగేను బావా!"

సంతోషానికి వేరే గుర్తు పెట్టుకోవలసిందిగా ఆమెను మందలించాను. నాలుగవ మీట మళ్లీ వేశాను.

నమోదు ఆరు. అదే రోజు, సాయంకాలపు ఆటు.

పడవలు వచ్చాయి. తల పడవ ముందు, మిగిలినవి దాని వెనుక ఒకే వరసలో. అన్నీ వచ్చాయి. పోలమ్మ గారు కొడుకులిద్దరినీ కొట్టి, తరువాత కౌగిలించుకున్నారు.

నూకరత్నం తడిబట్టలతోనే గదికి వచ్చింది. పలకను చూసింది. నన్ను చూసింది.

"నిన్న మూడో మేడ కాడ ఒక్క మెరుపు మెరిసింది. ఎందుకు?" అంది.

నిన్న ఆ వేళకు పడవలు ఇంకా దూరాన ఉంటాయని అందరం అనుకున్నాం.

"నువ్వు చూశావా?"

"సూడకేటి? గాలి తోసి పక్కదారిన తెచ్చేసింది మమ్మల్ని. ఒక్క మెరుపు సూసి, మొదటి మేడ అనుకుని తిన్నగా పోనిమ్మన్నాను. తెడ్లు ఏసేరు."

"తరువాత?"

"ఆరిపోనాది." ఆమె తల తుడుచుకుంటూ చెప్పింది. "పిడుక్కి సచ్చిన దీపమైతే మొదట్నుంచీ ఎలగదు. గాలికి తెగిన తీగైతే మినుకు మినుకుమంటాది. ఇది నికరంగా మెరుస్తా మెరుస్తా టక్కున ఆరింది. ఎవడో కావాలని ఆర్పేడు అనుకున్నాను. తప్పు మెరుపని తెలిసి ఆర్పేవోడు గదిలో ఉన్నాడంటే, సరిసేసే దాకా ఆగితే సాలు. లంగరెయ్యమన్నాను. పొద్దున్న మంచు కాస్త పలచనైతే సూసేం. గడియారం మేడ మా ముక్కుకి ఇంతలో ఉంది."

రెండు చేతులూ చాచి చూపింది. ఆ చేతుల మధ్య దూరం మా గది వెడల్పు కూడా లేదు.

మామగారు బయటికి వెళ్లిపోయారు. ఆయన ఏడవడం ఎవరూ చూడకూడదని ఆయన కోరిక. అందుచేత ఆ సంగతి ఇంతకంటే రాయను.

"ఎలిగించినప్పుడు కాదు, ఆర్పినప్పుడు తెలిసింది నువ్వున్నావని" అంది నూకరత్నం. తరువాత అన్నం ఏమైనా ఉందా అని అడిగింది. ఉంది. పెట్టాను.

ఇక దీనిని ఎవరు చదవాలో రాసి ముగిస్తాను.

మొదట అసిరి చదవాలి. నా తరువాత ఈ గదిలో కూర్చోవలసినది ఆమె. ఆమె చదువు ఇంకా పూర్తి కాలేదు కనుక నాలుగవ నమోదును రెండుసార్లు చదవాలి. రెండవసారి పలకను చేతిలో పెట్టుకుని, ముఖం ఒకసారి, వీపు ఒకసారి చూస్తూ చదవాలి. తరువాత ఆమె దీనిని మామగారికి పైకి చదివి వినిపించాలి. ఆయన తప్పు అన్నచోట ఆగి, నన్ను పిలవాలి.

ఆ తరువాత రాత్రి పాఠశాల ఉపాధ్యాయులకు పంపాలి. గోడ మీద పలక ముఖచిత్రం పక్కనే వీపుచిత్రం కూడా గీయవలసిందిగా నా విన్నపం. వారు నా వాక్యాలను దిద్దవచ్చు. అంకెలను దిద్దరాదు.

చివరగా, మాలాగే నీటి మీద బతికే ఏ పేటలోనైనా సరే, దీపాలకు పలక మార్చబోయే మనిషి దీనిని చదవాలి. దీపం తప్పుగా వెలుగుతోందని అనుమానం కలిగి ఇది తెరిచినవారు మాత్రం ఇప్పుడు చదవకండి. ముందు వెళ్లి దీపం ఆర్పండి. నీటి మీద ఉన్నవాళ్లు ఆగుతారు. తరువాత వచ్చి, మొదటి నమోదు నుంచి నెమ్మదిగా చదువుకోండి.